పన్నీరు గులాబీ మసాలా ఐస్ టీ: పంచదార లేకుండా, మన పెరటి పూలతోనే

ఈ రోజు వీడియోలో చూపించిన పన్నీరు గులాబీ ఐస్ టీని ఇక్కడ కొలతలతో సహా వివరంగా రాస్తున్నాను. వీడియోలో తయారీ చూస్తే చాలామందికి అర్థమైపోతుంది. కానీ ఏ పువ్వు వాడాలి, ఏది వాడకూడదు, మనం కొట్టే కషాయాల సంగతేంటి, షుగర్ ఉన్నవాళ్లు తాగొచ్చా లాంటివి నిదానంగా చదువుకోవాల్సిన విషయాలు. అందుకే ఈ పాఠం.

ఎండాకాలం మనకి మజ్జిగ ఉంది, అంబలి ఉంది, సబ్జా నీళ్లు ఉన్నాయి. వాటిని మించినవి లేవు. అయినా చుట్టాలొస్తేనో, పిల్లలు సెలవులకి ఇంటికొస్తేనో కూల్ డ్రింక్ సీసా బయటికి వస్తూనే ఉంది. మామూలు కోలా డ్రింకులో 100 మిల్లీలీటర్లకి సుమారు 10, 11 గ్రాముల పంచదార ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే ఐదారు చెంచాల పంచదార లోపలికి పోయినట్టే. నేలకి రసాయనం వద్దని ఇంత కష్టపడే మనం, ఇంట్లో పిల్లలకి ఆ సీసా అందించడం న్యాయం కాదు. దాని బదులు పిల్లలకి, పెద్దలకి, షుగర్ ఉన్నవాళ్లకి ఏం ఇవ్వొచ్చో కింద విడివిడిగా రాశాను.

పంచదార ఎందుకు అవసరం అవుతుంది?

ముందు ఈ ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. టీలో మనం పంచదార వేసేది తీపి కోసమే అనుకుంటాం. నిజానికి సగం చేదుని, వగరుని కప్పడానికే వేస్తాం. టీ పొడిని నీళ్లలో తెర్లించి తెర్లించి కాస్తే అందులోని వగరంతా దిగుతుంది. ఆ వగరు నాలుకకి పట్టకుండా పాలు, పంచదార కావాల్సి వస్తుంది.

రెండో సంగతి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. గోరువెచ్చటి టీలో సరిపోయిన పంచదార, ఐసు వేస్తే చప్పగా అనిపిస్తుంది. కూల్ డ్రింకుల్లో అంత పంచదార పట్టడానికి ఇదొక కారణం. చల్లదనం తీసేసి వేడిగా తాగి చూడండి, ఒక్క గుక్క కూడా మింగలేరు.

కాబట్టి పంచదార మానేయాలంటే నోరు కట్టుకోవడం కాదు మార్గం. పంచదార అక్కర్లేని విధంగా టీ కాయాలి. అందుకు రెండు పనులు చేస్తాం. ఒకటి, వగరు దిగకుండా చూస్తాం. రెండు, తీపిని గుర్తు చేసే వాసన పెడతాం. యాలకుల వాసన తగలగానే మనకి పాయసం గుర్తొస్తుంది. గులాబీ వాసన వస్తే రోజ్ మిల్క్, గులాబ్ జామూన్ గుర్తొస్తాయి. సోంపు నమిలితే దానంతట అదే తియ్యగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఈ వాసనలన్నీ తీపితో కలిపే మన ముక్కుకి అలవాటు. అందుకే తీపి లేకపోయినా టీ చప్పగా అనిపించదు.

బెల్లం, తేనె వేసుకోవచ్చా?

ఈ ప్రశ్న మన రైతుల దగ్గర ఎప్పుడూ వస్తుంది. "పంచదార కాదండీ, మన సొంత బెల్లమే" అంటారు. రసాయనం లేని బెల్లం మంచిదే, అందులో కొన్ని ఖనిజాలు ఉంటాయి, కాదనను. కానీ బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండేదే. తేనెలో కూడా సుమారు 80 శాతం చక్కెరలే. షుగర్ ఉన్నవాళ్లకి రక్తంలో చక్కెర పెంచే విషయంలో ఇవి పంచదారకి చుట్టాలే. ప్రకృతి వ్యవసాయంలో పండింది కదా అని ఈ లెక్క మారదు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలిపేటప్పుడు 2 కిలోల బెల్లం సూక్ష్మజీవుల కోసం వేస్తాం కదా, బెల్లం అక్కడ వేయండి. టీలో వద్దు.

తీపి తప్పదు అనుకునేవాళ్లకి స్టీవియా ఆకు ఉంది. కుండీలో కూడా పెరుగుతుంది. లీటరుకి ఎండు ఆకులు నాలుగైదు చాలు, ఎక్కువైతే చేదు వస్తుంది. అతిమధురం చెక్క కూడా తియ్యగానే ఉంటుంది కానీ రోజూ వాడితే రక్తపోటు పెంచుతుంది. బీపీ ఉన్న ఇళ్లలో దాని జోలికి పోవద్దు.

ఏ పువ్వు? అసలు విషయం ఇక్కడే ఉంది

ఈ టీకి పన్నీరు గులాబీ కావాలి. లేత గులాబీ రంగులో, గుత్తులుగా పూసి, దగ్గరికి వెళ్తేనే ఘుమ్మని వాసన వచ్చే పాత నాటు రకం. పొడవాటి కాడలతో బొకేలకి వచ్చే హైబ్రిడ్ గులాబీలు చూడ్డానికి అందంగా ఉంటాయి, చాలా వాటిలో వాసన ఉండదు. మన పనికి అవి రావు.

బజార్లో కొన్న గులాబీ మాత్రం ఎంత వాసనొచ్చినా వాడొద్దు. తామర పురుగుకి, నల్లికి, బూడిద తెగులుకి గులాబీ తోటల్లో మందులు బాగా కొడతారు. దండకి, పూజకి అమ్మే పువ్వుని తినే వస్తువుగా ఎవరూ పెంచరు, అలా పరీక్షించరు కూడా. పైగా ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ లాంటివి మొక్క లోపలికి పాకే మందులు. రేకుని ఎన్నిసార్లు కడిగినా అవి పోవు. అలాంటి పువ్వుని నీళ్లలో నానబెట్టి తాగడమంటే మందుని తీసి తాగడమే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క అయితే మొదటి పూతంతా తీసి పారేయండి. కొన్ని నెలలు మన దగ్గర పెరిగి, కొత్త కొమ్మలు వేసి, ఆ కొమ్మల మీద పూసిన పువ్వులే వాడుకోండి.

చూశారా, పట్నంలో ఎంత డబ్బు పెట్టినా దొరకని వస్తువు మన పెరట్లో ఉంది. మందు పడని పువ్వు.

మన కషాయాల సంగతి కూడా చూసుకోవాలి

"మాది ప్రకృతి వ్యవసాయమే, మా పువ్వుకేం" అనుకుని వదిలేయకండి. మనం వాడేవి కూడా కప్పులోకి రాకూడనివే. మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది:

1. టీకి వాడే గులాబీ మొక్కలకి జీవామృతం నేలకే పోస్తాం, ఆకుల మీద పిచికారీ చేయం. అందులో పేడ, మూత్రం ఉంటాయి కదా. పోసిన రోజు పువ్వు కోయం.
2. నీమాస్త్రం కొట్టాల్సి వస్తే అప్పటికి విచ్చిన పువ్వులు, మొగ్గలు అన్నీ తీసేస్తాం. తర్వాత వచ్చిన కొత్త మొగ్గల పువ్వులే కోస్తాం. లేదంటే చేదు, వాసన రెండూ టీలోకి వస్తాయి.
3. అగ్ని అస్త్రం ఈ మొక్కల మీద అసలు కొట్టం. అందులో పొగాకు పడుతుంది. పొగాకులోని నికోటిన్ విషం. ఆకు మీద పురుగుని చంపేది మనిషికి మంచిది కాదు.
4. మొక్కలు ఇంటి వైపు పెట్టాం. పొలం గట్టు మీద పెడితే పక్క చేలో మందు కొట్టినప్పుడు గాలికి వచ్చి పడుతుంది. గట్టు మీద ఉన్నవాటిని తేనెటీగలకి వదిలేయండి.

పేనుబంక వస్తే నీళ్లు గట్టిగా చిమ్మి కడిగేస్తాం, తెగులు సోకిన కొమ్మ కత్తిరిస్తాం. నాలుగైదు మొక్కలే కాబట్టి చేత్తో చూసుకోవడం కష్టం కాదు.

కోయడం, శుభ్రం చేయడం

పువ్వు తెల్లవారుజామునే కోయాలి, ఎండ ఎక్కకముందే. ఎండ పెరిగే కొద్దీ రేకులోని సువాసన నూనె ఎగిరిపోతుంది. అత్తరు కోసం గులాబీ పండించేవాళ్లు కూడా సూర్యోదయం వేళకే కోస్తారు. ఆ రోజే విచ్చిన పువ్వు కోయండి. నిన్నటి పువ్వులో వాసన సగం పోయి ఉంటుంది.

రేకులు విడదీసి, పళ్లెంలో పరిచి రెండు నిమిషాలు వదిలేస్తే చిన్న పురుగులుంటే బయటికి వచ్చేస్తాయి. తర్వాత మంచినీళ్లలో ఒకసారి ముంచి తీయండి. ఎక్కువసేపు నానబెట్టొద్దు. రేకు మొదట్లో తెల్లగా ఉండే చిన్న భాగం చేదుగా ఉంటుంది. ఓపిక ఉంటే దాన్ని కత్తెరతో తీసేయండి.

ఎక్కువ పువ్వులు వచ్చినప్పుడు రేకుల్ని నీడలో, పల్చటి గుడ్డ మీద ఆరబెట్టుకోవచ్చు. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి. అప్పుడే గాజు సీసాలో వేసి మూత పెట్టండి. తేమ ఉంటే బూజు పడుతుంది.

కావాల్సినవి (1 లీటరుకి, 5 గ్లాసులు)

- కాచి చల్లార్చిన నీళ్లు: 700 మిల్లీలీటర్లు, మసాలా కషాయానికి విడిగా 350 మిల్లీలీటర్లు
- టీ ఆకు: 10 గ్రాములు
- పన్నీరు గులాబీ రేకులు: తాజావి అయితే ఒక పెద్ద గుప్పెడు, ఎండువి అయితే 2 టేబుల్ స్పూన్లు
- యాలకులు: 4
- దాల్చిన చెక్క: ఒక అంగుళం ముక్క
- సోంపు: 1 టీస్పూను
- లవంగాలు: 2
- మిరియాలు: 4
- శొంఠి: చిన్న ముక్క
- నిమ్మకాయ: అర చెక్క, ఇష్టమైతే
- ఉప్పు: చిటికెడు

టీ విషయంలో ఒక మాట. మనం పాల టీకి వాడే గుళికల పొడి తొందరగా, చిక్కగా దిగడానికి చేసింది. పాలు లేకుండా తాగే ఈ టీకి ఆకు రూపంలో ఉండే టీ బాగుంటుంది. నీలగిరి, అస్సాం, డార్జిలింగ్ ఏదైనా సరే. ఆకు టీ దొరక్కపోతే గుళికల పొడే 7 గ్రాములు వేసుకోండి.

దాల్చిన చెక్కలో పల్చటి పొరలు చుట్టలు చుట్టుకుని ఉండేది శ్రీలంక రకం. మందంగా, గట్టిగా ఉండేది కాసియా. రోజూ తాగేవాళ్లకి మొదటిదే మేలు, కాసియాలో కాలేయానికి ఇబ్బంది చేసే కౌమరిన్ ఎక్కువ.

తయారీ

మూడు వస్తువులకి మూడు రకాల వేడి కావాలి. ఇదే ఈ టీ కిటుకు. మసాలాకి మరుగుతున్న నీళ్లు కావాలి. గులాబీకి గోరువెచ్చటి నీళ్లు చాలు. టీ ఆకుకి చల్లటి నీళ్లే మేలు. అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగిస్తే గులాబీ వాసన ఆవిరితో పోతుంది, టీ వగరెక్కుతుంది.

మొదటి పని, రాత్రి: గాజు సీసాలోగానీ స్టీలు డబ్బాలోగానీ 700 మిల్లీలీటర్ల నీళ్లు పోసి టీ ఆకు వేయండి. మూత పెట్టి ఫ్రిజ్‌లో 8 గంటలు ఉంచండి. చల్లటి నీళ్లలో వగరు తక్కువ దిగుతుంది, టీ మెత్తగా ఉంటుంది. పొద్దున్నే వడకట్టండి. ఆకుని చేత్తో పిండొద్దు, పిండితే వగరు వస్తుంది.

రెండో పని, పొద్దున: మసాలా దినుసులన్నీ రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, మెత్తటి పొడి చేయొద్దు. 350 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, మూత పెట్టి, సన్న మంట మీద 5 నిమిషాలు మరిగించండి. దించి 10 నిమిషాలు పక్కన పెట్టండి.

మూడో పని: ఆవిరి తగ్గి, గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత వేడికి వచ్చాక గులాబీ రేకులు వేసి వెంటనే మూత పెట్టండి. 20 నిమిషాలకి రేకులు రంగు వదిలి పాలిపోతాయి. అప్పుడు వడకట్టండి.

నాలుగో పని: కషాయం పూర్తిగా చల్లారాక టీ నీళ్లలో కలపండి. చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు రుచి తెలియదు కానీ చేదుని తగ్గిస్తుంది. నిమ్మరసం తాగే ముందు గ్లాసులో నాలుగు చుక్కలు పిండుకోండి.

ఐసు ఎక్కువ వేయకండి. బాగా చల్లబడితే వాసన పైకి రాదు, మనం పడ్డ శ్రమంతా వృథా. ఫ్రిజ్‌లోంచి తీసిన టీని ఐదు నిమిషాలు బయట ఉంచి తాగితే గులాబీ ముందు ముక్కుకి తగులుతుంది, తర్వాత యాలకులు. ఐసు కావాలంటే ఈ టీనే ట్రేలో పోసి గడ్డ కట్టించుకోండి, కరిగినా పల్చబడదు. బయట ఐసు కొనొద్దు, అది ఏ నీళ్లతో చేశారో మనకి తెలియదు.

ఫ్రిజ్ లేకపోతే

ఫ్రిజ్ లేనిచోట టీ ఆకుని రాత్రంతా బయట నానబెట్టకండి. ఎండలో సీసా పెట్టి టీ దింపే పద్ధతి కూడా వద్దు. ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. దానికి బదులు మసాలా కషాయం మరిగి దించగానే టీ ఆకు వేసి, గడియారం చూసి సరిగ్గా 3 నిమిషాలకి వడకట్టండి. కాస్త చల్లారాక రేకులు వేసి మూత పెట్టండి, 20 నిమిషాలకి మళ్లీ వడకట్టండి. కాచి చల్లార్చిన నీళ్లు కలిపి లీటరు చేసి, శుభ్రమైన సీసాలో పోసి, ఆ సీసాని కుండ నీళ్లలో నిలబెట్టండి. కుండ చల్లదనానికి గులాబీ వాసన ఇంకా బాగా తెలుస్తుంది. ఇలా చేసింది ఆ పూటలోనే తాగేయాలి. ఫ్రిజ్‌లో పెట్టింది రెండు రోజుల్లో అయిపోవాలి.

రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు. టీ, నిమ్మరసం వాటితో పడవు.

మామూలుగా వచ్చే సందేహాలు

*టీ మబ్బుగా అయిపోయింది.* చిక్కటి వేడి టీని ఒక్కసారిగా చల్లబరిస్తే అలా అవుతుంది. చెడిపోయినట్టు కాదు. కొంచెం వేడి నీళ్లు కలిపితే తేటపడుతుంది. చల్లటి పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువ.

*చేదుగా ఉంది.* టీ ఎక్కువసేపు ఉండిపోయింది, లేదా లవంగం ఎక్కువైంది, లేదా రేకు తెల్ల మొదలు తీయలేదు.

*ఇంట్లో వాళ్లు పంచదార లేకుండా తాగట్లేదు.* ఒక్క రోజులో మాన్పించకండి. మొదటి వారం రోజూ వేసేదాంట్లో సగం, రెండో వారం అందులో సగం, మూడో వారం మానేయండి. షుగర్ ఉన్నవాళ్ల గ్లాసు మాత్రం మొదటి రోజు నుంచే వేరుగా ఉండాలి.

వేరే పూలతో

*మల్లె:* గుండుమల్లె సువాసన కషాయంలో మరిగిస్తే రాదు. చైనాలోని ఫూజౌలో మల్లె టీ చేసే పాత పద్ధతి మన ఇంట్లోనూ చేసుకోవచ్చు. సాయంత్రం విచ్చబోయే మొగ్గలు 50 గ్రాములు, పొడి టీ ఆకు 50 గ్రాములు స్టీలు డబ్బాలో పొరలు పొరలుగా వేసి మూత పెట్టండి. రాత్రి మొగ్గ విచ్చి వాసన వదిలితే ఆకు పీల్చుకుంటుంది. పొద్దున్నే పూలు ఏరేసి, ఆకుని నీడలో బాగా ఆరబెట్టండి. కొత్త మొగ్గలతో ఇలా రెండు మూడు రాత్రులు చేయాలి. మల్లెకి మొగ్గ తొలిచే పురుగు కోసం మందులు కొడతారు కాబట్టి ఇక్కడా సొంత పూలే.

*శంఖుపువ్వు:* వాసన ఉండదు, నీలం రంగు కోసం. నిమ్మరసం పడగానే ఊదా రంగుకి మారుతుంది, పిల్లలకి సరదా. టీ ఆకు వేయకుండా మసాలా, గులాబీ, శంఖుపువ్వుతో చేస్తే పిల్లలకి బాగుంటుంది.

*ఎర్ర గోంగూర కాయల రేకులు:* పుల్లగా, ఎర్రగా ఉంటుంది. టీ ఆకు, నిమ్మకాయ రెండూ అక్కర్లేదు. లీటరుకి ఎండు రేకులు 10 గ్రాములు వేసి 5 నిమిషాలు మరిగిస్తే చాలు.

గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త పూలు విషం. పెరట్లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పూలు కోయడానికి పిల్లల్ని పంపకండి. పేరు, వాడకం రెండూ ఖాయంగా తెలియని పువ్వు ఏదీ వేయొద్దు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

టీ ఆకు భోజనంలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. కాబట్టి భోజనంతో పాటు తాగకండి, కనీసం గంట తేడా ఉంచండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు మరీ ముఖ్యంగా. గర్భిణులు గోంగూర రేకుల కషాయం మానేయాలి, మిగతావి డాక్టరుని అడిగి తాగాలి. బీపీ మందులు వాడేవాళ్లు కూడా గోంగూర రేకులది రోజూ తాగొద్దు, అది బీపీని కొంత తగ్గిస్తుంది. ఇంకోటి, ఈ టీ షుగర్‌కి మందు కాదు. షుగర్ పెంచని పానీయం, అంతే. మాత్రలు మానొద్దు.

అమ్ముదామనుకునేవాళ్లకి

ఎండు రేకులు, దంచిన మసాలా, టీ ఆకు విడివిడిగా చిన్న పొట్లాలు కట్టి ఒక ప్యాకెట్‌గా ఇస్తే ఎండాకాలం సంతల్లో బాగా పోతుంది. ఒక్కో దానికి వేడి వేరు కాబట్టి కలిపేయకండి. తయారీ చీటీ తెలుగులో పెట్టండి. ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద "షుగర్ ఫ్రీ" అని రాయాలంటే 100 మిల్లీలీటర్ల పానీయంలో చక్కెరలు అర గ్రాముకి మించకూడదనేది నిబంధన. బెల్లం, తేనె, ఖర్జూరం వేసి ఆ మాట రాస్తే అది మోసమే. నమ్మి తాగేది షుగర్ ఉన్న మనిషి.

వడకట్టిన ఆకు, రేకులు, మసాలా పిప్పి పారేయకండి. ఉప్పు, నిమ్మరసం తగలనివి కాబట్టి నేరుగా గులాబీ మొదట్లో ఆచ్ఛాదనగా వేసేయొచ్చు.

పన్నీరు గులాబీ కొమ్మ ముక్క నాటితే వేరు పడుతుంది. తొలకరి తర్వాత, ముదిరిన కొమ్మని పెన్సిల్ మందంలో జానెడు పొడవు కోసి నాటుకోండి. వచ్చే ఎండాకాలానికి మీ కప్పులోకి మీ పువ్వే వస్తుంది. చేసి చూసి, మీ ఇంట్లో ఎవరికి ఏ పువ్వు నచ్చిందో రాయండి.